చప్పట్ల మేస్త్రి

తెల్ల చొక్కాలవాళ్ళను వెనక వరుసలకు పంపాడు. తెలుపు మీద లైటు పడితే కెమెరాకు కళ్ళు చెదురుతాయి. గళ్ళ చొక్కాలను అంచులకు జరిపాడు. ఎరుపు, పసుపు, చిలకపచ్చ వేసుకొచ్చినవాళ్ళను ఏరి మధ్యలో కూర్చోబెట్టాడు. పైమెట్టు మీద నలుగురు స్నేహితులు ఒక్కచోట చేరి కనిపిస్తే ఇద్దరిని అటూ ఇద్దరిని ఇటూ విడగొట్టాడు. ఒకడు ఆవలిస్తే నలుగురూ ఆవలిస్తారు. ఆవలింతను మించిన అంటురోగం లేదని ఈ స్టూడియోలో తొమ్మిదేళ్ళ కొలువు అతనికి నేర్పింది.

కుర్చీలు నిండాయి. వచ్చినవాళ్ళలో పాటల మీద ప్రేమతో వచ్చినవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమంది. మిగిలినవాళ్ళు జనాన్ని సరఫరా చేసే మనిషి రెండు వ్యాన్లలో తెచ్చి దింపినవాళ్ళు. రోజంతా చల్లటి హాల్లో కూర్చోవచ్చు, మధ్యాహ్నం భోజనం పొట్లం ఇస్తారు, అదృష్టం బాగుంటే టీవీలో అరక్షణం కనబడవచ్చు.

"చప్పట్లు మూడు రకాలండీ," అన్నాడు వేదిక ముందు నిలబడి. "చిన్నవి, పెద్దవి, లేచి నిలబడి కొట్టేవి. నా చెయ్యి భుజం దాకా లేస్తే చిన్నవి. తల దాటితే పెద్దవి. రెండు చేతులూ ఎత్తానంటే కుర్చీలో ఒక్కరు కూడా మిగలకూడదు."

నలభై ఏడేళ్ళ మనిషి. బక్కపలచన. మాట్లాడితే మెడ మీది నరం తాడులా తేలుతుంది. జనానికి చూపించడానికి కొట్టీ కొట్టీ అరచేతుల్లో చర్మం బిగిసిపోయింది. కుడిచేతి బొటనవేలి మొదట్లో కాయ కాసింది. స్టూడియోలో అందరూ అతన్ని చప్పట్ల మేస్త్రి అంటారు. మొదట్లో వెక్కిరింతగా పెట్టిన పేరే, వాడగా వాడగా ఉద్యోగం పేరైపోయింది.

పాటలు మొదలవక ముందే చప్పట్లన్నీ చిత్రీకరించేశారు. పది నిమిషాలు చప్పట్లు, అయిదు నిమిషాలు ఆశ్చర్యం, ఇంకో అయిదు నిమిషాలు నవ్వు. చివర్లో, ఏళ్ళ తరబడి ముందు వరుస మొదటి కుర్చీలో కూర్చుంటున్న పెద్దమ్మ మీదికి కెమెరా తిప్పారు. డెబ్భై దాటిన మనిషి, గువ్వపిట్టంత ఉంటుంది. ముడతల ముఖం, పెద్ద కళ్ళు. "కానివ్వు పెద్దమ్మా" అని కెమెరామన్ అనగానే ఎటో చూస్తూ ఉండిపోయింది. నిమిషం తిరక్కుండానే ఎడమకంటి నుంచి ఒక చుక్క జారి ముక్కు పక్కన ఆగింది. "చాలు, చాలు" అన్నాడు కెమెరామన్ సంతోషంగా.

ఆమె చేతి వెనకతో చెంప తుడుచుకుంది. "పాట కడుపులో ఉండగానే పురుడు పోసేశావు మేస్త్రీ," అంది. చుట్టుపక్కల వాళ్ళు నవ్వారు. ఈసారి నవ్వమని అతను సైగ చెయ్యలేదు.

పన్నెండేళ్ళ కిందట ఇదే వేదిక మీద, ఇదే పోటీలో అతను పాడాడు. ఈ సంగతి ఇప్పుడు స్టూడియోలో ముగ్గురికో నలుగురికో తెలుసు. వాళ్ళు కూడా ఆ ఊసెత్తరు.

అప్పట్లో అతను పగలు రంగుల దుకాణంలో రంగులు కలిపేవాడు. ఎవరైనా గోడ నుంచి ఊడిన పెచ్చు పట్టుకొస్తే, కంటితో చూసి, ఏ డబ్బాలోంచి ఎంత వెయ్యాలో మనసులోనే అనుకుని, అచ్చం ఆ రంగే తేల్చేవాడు. సాయంత్రాలు ఫంక్షన్లలో ఆర్కెస్ట్రాతో పాడేవాడు. పెద్ద గాయకుడు మొదటి నాలుగు పాటలూ పాడి మైకు వదిలాక అతని వంతు. అంటే సరిగ్గా జనం భోజనాలకు లేచే వేళ. గరిటెల చప్పుడే అతనికి తాళం. భార్య కుట్టిచ్చిన నీలం కోటు వేసుకుని, ఖాళీ కుర్చీలకు పదహారేళ్ళు పాడాడు. బాధపడలేదు. ఎప్పటికైనా ఒక్క కుర్చీ నిండా మనిషి కూర్చుని వింటాడనే ఆశ ఉండేది.

వాళ్ళకొక కొడుకు. మూడో ఏడు నిండిన నెలకే జ్వరంతో పోయాడు. ఆ రోజు అతను వేరే ఊళ్ళో పాడుతున్నాడు. వేదిక వెనక వంకెకు వేలాడుతున్న సంచిలో ఫోన్ పదకొండుసార్లు మోగింది. అతను దిగి వచ్చి చూసుకునేసరికి మోగడం మానేసింది.

ఆ తరవాత రెండేళ్ళకు పోటీ. మొదటి పాట పాడిన రోజు న్యాయనిర్ణేతలు కాసేపు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. "ఇన్నాళ్ళూ ఎక్కడున్నారండీ?" అని అడిగాడు అందులో పెద్దాయన. రంగుల దుకాణంలో టీవీ పెట్టించారు. వీధి మలుపులో అతని బొమ్మ కట్టారు. వారం వారం గండం గడుస్తూ వచ్చి, ఆరో వారానికి ఓట్లు పల్చబడ్డాయి. పోటీదారుల దగ్గర కథలు సేకరించే ఒకావిడ ఉండేది. ఆవిడ వచ్చి అతని పక్కన కూర్చుని, మెత్తగా, తోడబుట్టినదానిలా అడిగింది. కొడుకు సంగతి చెప్పాడు.

"అప్పుడు మీరు పాడుతున్నారా?" అంది.

"అవునండీ, పాడుతున్నాను," అన్నాడు.

అది అబద్ధం కాదు. కానీ ఆవిడకు అర్థమైనది వేరు. ఆ సంగతి అతనికి తెలుసు. దిద్దలేదు. మర్నాడు వేదిక మీద, లైటు తన ఒక్కడి మీదే పడుతుండగా, నా ఒళ్ళోనే, నా పాట వింటూనే వెళ్ళిపోయాడండీ అని స్వయంగా తన నోటితోనే అన్నాడు. హాలంతా కళ్ళు తుడుచుకుంది. ఓట్లు వరదలా వచ్చాయి. ఆ వరద ఇంకో రెండు వారాలు అతన్ని మోసి, అయిదో స్థానంలో ఒడ్డున పడేసింది.

ఇంటికి వెళ్ళిన రాత్రి భార్య ఆరిన బట్టలు మడతపెడుతోంది. తలెత్తకుండా, "ఆ రోజు నువ్వక్కడ లేవు కదా," అంది. అంతే. కేక వెయ్యలేదు, ఏడవలేదు. నాలుగు నెలల తరవాత తన బట్టలు కూడా అలాగే మడతపెట్టుకుని, అన్నగారి ఊరు వెళ్ళిపోయింది. నీలం కోటు మాత్రం ఇస్త్రీ చేసి తలుపు వెనక తగిలించి వెళ్ళింది.

పోటీ తరవాత మూడేళ్ళు బాగానే పిలిచారు. దుకాణాల ప్రారంభాలు, కాలేజీ వార్షికోత్సవాలు, పెద్దవాళ్ళ ఇళ్ళలో పెళ్ళిళ్ళు. పేరు చివర టీవీ పేరు తగిలించి అచ్చు వేసేవాళ్ళు. అయితే ఎక్కడికి వెళ్ళినా పాటకు ముందు కథ అడిగేవాళ్ళు. "ఆ బాబు సంగతి చెప్పండి సార్, ఆడవాళ్ళు వినలేదట." చెప్పాడు. చెప్పగా చెప్పగా కథ నున్నగా అరిగింది. ఎక్కడ ఆగాలో, ఎక్కడ గొంతు తగ్గించాలో కూడా అలవాటైంది. ఒక ఊళ్ళో కథ మధ్యలో, పిల్లవాడి ముఖం గుర్తు తెచ్చుకోబోతే రాలేదు. తను చెబుతున్న పిల్లవాడే కనబడుతున్నాడు, తన పిల్లవాడు కనబడ్డం లేదు. మైకు కింద పెట్టి మంచినీళ్ళు తాగాడు. ఆనాటి నుంచి కథ మానేశాడు. ఉత్త పాటకు పిలిచేవాళ్ళు నెల నెలకూ తగ్గి, చివరికి ఎవరూ మిగల్లేదు. రంగుల దుకాణంలో అప్పటికే కంప్యూటరుతో రంగులు కలుపుతున్నారు.

ఫ్లోర్ మేనేజరు పాత పరిచయం మీద జాలిపడి ఈ పని ఇచ్చాడు. అప్పటి నుంచి స్టూడియో, బస్సు, దర్జీ దుకాణం మీది ఒంటరి గది. వండుకున్నదే రెండు పూటలా తినడం. ఇంట్లో నోరు విప్పడానికి మనిషి లేడు. ఒక్కోసారి పొద్దున జనానికి చప్పట్లు నేర్పేటప్పుడు వచ్చే మాటే ఆ రోజుకు అతని మొదటి మాట.

మధ్యాహ్నం భోజనానికి వదిలారు. జనం బయటి వరండాలోకి పోయారు. పెద్దమ్మ మాత్రం వరండా మెట్లు దిగి ఎక్కడం కష్టమని ఎప్పుడూ తన కుర్చీలోనే కూర్చుని పొట్లం విప్పుతుంది. అతను పక్క కుర్చీలో కూర్చుంటాడు. ఇద్దరూ ఎక్కువ మాట్లాడుకోరు. ఈ రోజు అతనికి ఎందుకో అడగాలనిపించింది.

"పెద్దమ్మా, నేను పాడినప్పుడు కూడా నువ్వు ఏడ్చావు. టీవీలో చూశాను. పెద్దగా చూపించారు."

"ఏ రోజు?"

"పిల్లాడి సంగతి చెప్పిన రోజు."

ఆమె ముద్ద నమిలి మింగింది. "లైటు నాయనా," అంది. "అదిగో, ఆ పసుపు లైటు. రెప్ప వెయ్యకుండా దాన్ని చూస్తే కళ్ళల్లో నీళ్ళు అవే వస్తాయి. ప్రతి ఏడుపుకీ కడుపు తరుక్కుపోతే ఈ వయసులో తట్టుకుంటానా?"

అతనికి నవ్వొచ్చింది. పన్నెండేళ్ళుగా ఆ ఒక్క కన్నీటి బొట్టును దాచుకున్నాడు. ఓటు వేసినవాళ్ళ సంగతి ఎలా ఉన్నా, ఈ ముసలామె మాత్రం నిజంగా తన కొడుక్కోసం ఏడ్చిందని అనుకున్నాడు.

"మొదటి రోజు పాడావే, కథాకమామీషూ లేకుండా, అది బాగుంది," అంది ఆమె పొట్లం కాగితం మడుస్తూ. "పాట బాగుంటే ఏడుపెందుకొస్తుంది? నోరు తెరుచుకుని వింటాం. ఇప్పుడు పాడటంలేదా?"

"ఎవరికి పాడను పెద్దమ్మా?"

ఆమె ఎడమభుజం నొక్కుకుంటూ, కునుకు తీస్తానంది.

అతను మంచినీళ్ళ కోసం వెనక నడవాలోకి వెళ్ళాడు. మేకప్ గది బయట మందుల షాపు అమ్మాయి నిలబడి ఉంది. ఆమె పని చేసేది మందుల దుకాణంలో. అందుకని అందరూ అలాగే పిలుస్తారు. ఇరవై రెండేళ్ళుంటాయి. పొద్దున సాధన చేస్తుండగా విన్నాడు. గొంతు నిలకడగా, నూతిలో చేద దిగినంత సాఫీగా దిగుతుంది. ఓట్లలో మాత్రం ఆ అమ్మాయి అడుగున ఉందని తెలుసు.

"మేస్త్రి గారూ, ఒక మాట అడగనా? మీరు కూడా ఇక్కడ పాడారట కదా."

"ఎవరు చెప్పారు?"

"మేకప్ ఆవిడ. కథల మేడమ్ నన్ను అక్క సంగతి చెప్పమంటున్నారు. మా అక్క పురుగులమందు తాగింది, నాలుగేళ్ళ కిందట. బతికింది. ఇప్పుడు ఉద్యోగం చేసుకుంటోంది. అది చెబితే ఓట్లు ఎలా ఉన్నా ఈ వారం గట్టెక్కిస్తామంటున్నారు. చెబితే నిజంగా ఉంచుతారంటారా?"

"ఉంచుతారు," అన్నాడు.

అమ్మాయి ముఖం తేలికపడబోయింది.

"మీ అక్కని అడిగావా?"

"లేదు. అడిగితే వద్దంటుందని."

అతను గ్లాసులో నీళ్ళు తాగి, గ్లాసు బోర్లించాడు. "నేనూ మా ఆవిడని అడగలేదమ్మా," అన్నాడు.

లోపలి నుంచి పిలుపు రావడంతో అమ్మాయి వెళ్ళిపోయింది.

షూటింగ్ మళ్ళీ మొదలైంది. నలుగురు పాడాక మందుల షాపు అమ్మాయి వచ్చింది. పాట బాగా పాడింది. అతను రెండు చేతులూ ఎత్తాడు. జనం లేచి నిలబడ్డారు. న్యాయనిర్ణేత ముందుకు వంగి, "ఇంత బాధ ఈ గొంతులోకి ఎక్కడి నుంచి వచ్చిందమ్మా? చెబుతావా?" అని అడిగాడు. అది ముందే అనుకున్న ప్రశ్న. అమ్మాయి మైకు రెండు చేతులతో పట్టుకుంది. హాల్లో ఎవరో దగ్గారు.

"చెప్పడానికేం లేదండీ," అంది. "కావాలంటే ఇంకో చరణం పాడతాను."

కథలావిడ కెమెరా వెనక నుదురు కొట్టుకుంది. చప్పట్ల మేస్త్రి చెయ్యి భుజం దాకా లేపాడు. తన మాట ఆ అమ్మాయిని ముంచిందో తేల్చిందో అతనికి తెలియలేదు.

సరిగ్గా అప్పుడే పై వరుస లైట్లు ఆరిపోయాయి. ఎక్కడో తీగ కాలిన వాసన. "ఇరవై నిమిషాలు," అన్నాడు ఫ్లోర్ మేనేజరు. "మేస్త్రీ, జనం లేవకుండా చూసుకో."

అలాంటప్పుడు అతను నాలుగు జోకులు చెబుతాడు, పొడుపుకథలు వేస్తాడు, చిన్నపిల్లలుంటే వాళ్ళతో ఎక్కాలు చెప్పిస్తాడు. ఈ రోజు వేదిక ముందు నిలబడి నోరు తెరిస్తే జోకు రాలేదు. ముందు వరుసలో పెద్దమ్మ తల వెనక్కి ఆనించి కళ్ళు మూసుకుని ఉంది. ఎవరికి పాడను అని తను అడిగిన మాట అతని చెవిలోనే ఉంది.

మైకు లేకుండా, ఎత్తుకోవడం కూడా తగ్గుస్వరంలోనే ఎత్తుకున్నాడు. అది సినిమా పాట కాదు. రంగుల దుకాణం నుంచి ఇంటికి వచ్చాక, గోళ్ళ సందుల్లో రంగు పోకముందే, కొడుకుని భుజాన వేసుకుని తనే కట్టి పాడిన జోలపాట. ఏ వేదిక మీదా పాడలేదు.

నీలాన పసుపేస్తే చిలక రంగు
ఎరుపున తెలుపేస్తే బుగ్గ రంగు
అన్నీ కలిపేస్తే ఏమి రంగు?
అమ్మ చేతికంటిన మసి రంగు

మొదటిసారి పాడేటప్పుడు పెద్దమ్మ కుడిచేతి వేలు మోకాలి మీద ఆడుతోంది. జనం గుసగుసలు మానేశారు. రెండోసారి పాడుతుంటే అతనికి కొడుకు ముఖం వచ్చింది. కథలోని పిల్లవాడు కాదు, ఆ పిల్లవాడే. కింది పెదవి కాస్త ముందుకు, చెవి వెనక ఎప్పుడూ ఏదో ఒక రంగు మరక. కళ్ళు తెరిస్తే పోతుందేమోనని మూసుకునే పాడాడు. నాలుగుసార్లు తిప్పి తిప్పి పాడి ఆపాడు. చెయ్యి ఎత్తలేదు. అయినా చప్పట్లు వచ్చాయి. ఎగుడుదిగుడుగా, ఒకరి తరవాత ఒకరు, తను నేర్పిన మూడు రకాల్లో ఏదీ కాని చప్పట్లు. పెద్దమ్మ కొట్టలేదు. నిద్రపట్టిందనుకున్నాడు. పోనీలే, జోలపాటే కదా అనుకున్నాడు.

లైట్లు వచ్చాయి. ఫలితం చెప్పారు. మందుల షాపు అమ్మాయి ఇంటికి వెళ్ళాలి. సంగీతం మోగింది. కెమెరా ఆనవాయితీగా ముందు వరుస మీదికి తిరిగింది.

"పెద్దమ్మ పడుకుంది, లేపు," అన్నాడు కెమెరామన్.

చప్పట్ల మేస్త్రి ఫ్రేములో పడకుండా వంగి వంగి వెళ్ళాడు. "పెద్దమ్మా," అన్నాడు. భుజం తట్టాడు. మోకాలి మీది చేతిని పట్టుకున్నాడు. చల్లగా ఉంది. ఎయిర్ కండిషనర్ చలువ కాదది. అతను అరవలేదు. పక్క కుర్చీలో, మధ్యాహ్నం కూర్చున్న చోటే కూర్చుని, ఫ్లోర్ మేనేజరు వైపు రెండు చేతులూ ఎత్తాడు. అలవాటు చొప్పున జనం లేచి నిలబడి చప్పట్లు మొదలుపెట్టారు. చేతులు అడ్డంగా ఊపి ఆపడానికి అతనికి చాలాసేపు పట్టింది.

డాక్టరు వచ్చి చూసి, గుండె ఆగిందనీ, గంట లోపే అయి ఉంటుందనీ, బాధ పడి ఉండదనీ చెప్పాడు. ఆమెకు ఒక మనవరాలు ఉందనీ, ఇల్లు తనకు తెలుసనీ వ్యాన్ డ్రైవరు అన్నాడు. ఆమెను తీసుకెళ్ళారు. ఎత్తేటప్పుడు ఆమె ఇంత తేలికా అనుకున్నాడు అతను. ఫ్లోర్ మేనేజరు చెడ్డవాడు కాదు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. తరవాత ఎడిటరుతో, "పొద్దున తీసింది ఉంది కదా, అది వాడుకుందాం. ఆవిడకీ గుర్తుగా ఉంటుంది," అన్నాడు. వచ్చే వారం టీవీలో ఆమె మందుల షాపు అమ్మాయి కోసం కన్నీరు కారుస్తుందన్నమాట.

వెనక గేటు దగ్గర మందుల షాపు అమ్మాయి సంచి భుజాన వేసుకుని నిలబడి ఉంది. మేకప్ సగమే చెరిగింది.

"చెప్పి ఉంటే మిగిలేదాన్ని కదండీ," అంది.

"మిగిలేదానివే," అన్నాడు. ఆ అమ్మాయికి అబద్ధం చెప్పబుద్ధి కాలేదు.

ఆమె తల ఊపింది. కోపం ఉందో లేదో తెలియలేదు. "అక్క వచ్చింది తీసుకెళ్ళడానికి. బయట ఉంది," అని, రెండడుగులు వేసి వెనక్కి తిరిగింది. "ఇందాక మీరు పాడింది తెర పక్క నుంచి విన్నాను. ఎవరిదండీ ఆ పాట?"

"ఇంట్లోది," అన్నాడు.

ఆమె వెళ్ళిపోయింది. గేటు అవతల ఇద్దరు ఆడపిల్లలు ఒకే సంచిని చెరో వైపు పట్టుకుని నడిచి వెళ్ళడం కనిపించింది.

అతను తిరిగి హాల్లోకి వచ్చాడు. అప్పటికింకా పొద్దు వాలలేదు గాని లోపల ఎప్పుడూ ఒకటే వేళ. మెట్ల వరుసల మధ్య నడుస్తూ, ఒకప్పుడు తను ఈ వేదిక మీద చెప్పిన అబద్ధం ఈ రోజు ఇక్కడే నిజమైందని అతనికి తట్టింది. ఆ జోలపాట వింటూ ఒక ప్రాణం నిజంగానే పోయింది. మొదటిసారి మోకాలి మీద ఆడిన ఆ వేలు, అతను కళ్ళు మూసుకుని పాడుతుండగా ఆగింది. ఈసారి అతను అక్కడే ఉన్నాడు, పాడుతూనే ఉన్నాడు. ఈ మాట వినవలసిన మనిషి ఒక్కతే. ఫోన్ తీశాడు. పన్నెండేళ్ళుగా పిలవని భార్య నంబరు అందులో ఉంది. చాలాసేపు చూసి జేబులో పెట్టుకున్నాడు. చెబితే మళ్ళీ కథలాగే ఉంటుంది.

ముందు వరుస కుర్చీలు తీసి తుడిచే పని ఈ రోజు అతనే అందుకున్నాడు. మొదటి కుర్చీ చుట్టూ వేలాడే నల్లగుడ్డ కుచ్చిళ్ళను పక్కకు తప్పించాడు. కుర్చీ కింద, గోడవైపుకు నెట్టి, పాత దుప్పటి ముక్క చుట్టి నాలుగు మూలలా దారంతో కుట్టిన ఇటుక ఒకటి ఉంది. ఆమె కాళ్ళు నేలకు ఆనవన్న సంగతి ఇన్నేళ్ళలో అతను ఒక్కసారీ గమనించలేదు. దుప్పటి ముక్క మీద పక్కపక్కనే రెండు చిన్న గుంటలు, మడమలు ఆనిన చోట, నూలు పోగులు అరిగి లోపలి ఎర్రమట్టి కనబడుతూ.